టోకు అబద్ధం, చిల్లర అబద్ధం

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఎప్పటికి పూర్తవుతుందన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు ఒక్కటే: తెలీదు. ఈ మూడక్షరాలూ ఎవరి నోటా రాకుండా ఉండడానికి మేనేజ్‌మెంటు శాస్త్రం రెండు మహామార్గాలు కనిపెట్టింది. మొదటిది వాటర్‌ఫాల్. అందులో అబద్ధం టోకున చెబుతారు, ఏడాదికో రెండేళ్లకో ఒక్కసారి, బైండు చేసిన పుస్తకంలో. రెండోది అజైల్. అందులో అదే అబద్ధాన్ని చిల్లరగా, స్ప్రింట్ అని పిలిచే పదిహేను రోజుల విడతకోసారి, రంగు కాగితాల మీద చెబుతారు. టోకు వ్యాపారి చిల్లర కొట్టు తెరవడాన్ని మన పరిశ్రమలో విప్లవం అంటారు.

ముందు పెద్దదాన్నే తలుచుకుందాం. వాటర్‌ఫాల్‌లో పని మెట్లు దిగుతూ వస్తుంది. క్లయింటుకు ఏం కావాలో రాసుకోవడం ఒక మెట్టు, డిజైన్ ఒక మెట్టు, కోడింగ్ ఒకటి, టెస్టింగ్ ఒకటి. దిగిన మెట్టు మళ్లీ ఎక్కకూడదు. మొదటి మెట్టు మీదే క్లయింటు చేత సంతకం పెట్టిస్తారు, దానికి సైన్ ఆఫ్ అని పేరు. తనకు ఏం కావాలో తనకే ఇంకా తేలని మనిషి, తనకు అర్థం కాని భాషలో రాసిన వందల పేజీల దస్తావేజు మీద, చదవకుండా పెట్టే సంతకం అది. రెండేళ్ల తర్వాత సరుకు చూసి ఆయన "నేనడిగింది ఇది కాదయ్యా" అంటే, "నూట ఎనభయ్యో పేజీ, మూడో పేరా చూడండి సార్" అని మనం అంటాం. ఆయన కొత్తగా ఏది అడిగినా చేంజ్ రిక్వెస్ట్ అని విడిగా బిల్లు వేస్తాం. అసలు లాభం ఆ బిల్లుల్లోనే ఉంటుంది కాబట్టి, మొదటి దస్తావేజు ఎంత మసకగా ఉంటే కంపెనీకి అంత వెలుగు.

ఈ మెట్ల బొమ్మ పుట్టుక వింటే ఎవరికైనా జాలేస్తుంది. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరు, అంతరిక్ష యాత్రలకు సాఫ్ట్‌వేర్ రాయించిన అనుభవంతో ఒక వ్యాసం రాశాడు. అందులో ఈ మెట్లు గీశాడు. గీసి, ఇలా నేరుగా దిగుకుంటూ పోవడం ప్రమాదం, కొంప ముంచుకోవడమే అన్నాడు. తక్కిన వ్యాసమంతా ఆ గండం ఎలా గట్టెక్కాలన్నదే. ముందు ఒక చిన్న నమూనా కట్టి చూసుకోండి, క్లయింటు చేతికిచ్చేది రెండోసారి కట్టింది కావాలి, పని మధ్యలో క్లయింటును లోపలికి రానివ్వండి అని చెప్పాడు. వాటర్‌ఫాల్ అనే మాట ఆయన వాడనే లేదు. లోకం బొమ్మ చూసింది, వ్యాసం మూసింది. 1985లో అమెరికా రక్షణ శాఖ తన కాంట్రాక్టర్లకు పెట్టిన సాఫ్ట్‌వేర్ ప్రమాణంలో ఈ మెట్లే కనిపించాయి. వద్దన్న పనికి ఆయన్నే మూలపురుషుణ్ని చేసి, పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ దండలు వేస్తున్నారు.

మన దేశానికి వచ్చేసరికి ఈ మతానికి ధ్రువపత్రం కూడా తోడైంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, అమెరికా రక్షణ శాఖ డబ్బుతో, కాంట్రాక్టర్ల పనితనం కొలవడానికి సీఎంఎం అని ఐదంచెల కొలబద్ద తయారుచేసింది. 2000 తర్వాత తొలి ఏళ్లలో ప్రపంచం మొత్తం మీద ఐదో అంచె ఎక్కిన కంపెనీల్లో సింహభాగం మనవే. అమెరికా సైన్యం కోసం చేసిన కొలబద్దకు అమెరికా కంపెనీల కన్నా మనమే ఎక్కువ భక్తితో మొక్కాం. ఆడిట్ అంటే ముందు రోజు రాత్రి జాగారమే. ఆర్నెల్ల కిందట జరిగి ఉండాల్సిన రివ్యూ మీటింగులకు ఆ రాత్రి మినిట్స్ రాసేవారు, ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో, దాన్ని ఎవరు ఎలా తీర్చారో కూడా కల్పించేవారు. ఈ దేశంలో చారిత్రక నవలకు వారసులు లేరని బాధపడేవాళ్లు ఆ ఫైళ్లు ఒకసారి తిరగేయాలి. ఐదో అంచె ఎక్కినంత మాత్రాన ఆలస్యం ఆగదు. ఆలస్యమైన తీరు మాత్రం పద్ధతి ప్రకారం నమోదవుతుంది.

కొన్ని పనులకు మెట్ల దారే దారి, అదీ చెప్పాలి. ఎగిరిపోతున్న రాకెట్‌కు "వచ్చే స్ప్రింట్‌లో సరిచేస్తాం" అని కబురు పంపలేం. గొడవల్లా ఏమిటంటే, బట్టల కొట్టు వెబ్‌సైటుకూ రాకెట్‌కూ ఒకే పుస్తకం తీశారు.

పుస్తకం లావును బట్టి ఫలితం ఉంటుందనుకున్న వాళ్లలో అమెరికా ఎఫ్‌బీఐ ఒకటి. కేసు ఫైళ్లను కంప్యూటర్‌లో పెట్టడానికి వర్చువల్ కేస్ ఫైల్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఏం కావాలో రాసిన దస్తావేజే 800 పేజీలు దాటింది. దాదాపు 17 కోట్ల డాలర్లు పోసి, 2005లో మొత్తం చెత్తబుట్టలో వేశారు. 2006లో సెంటినల్ అని మళ్లీ మొదలుపెట్టారు, కాంట్రాక్టు లాక్‌హీడ్ మార్టిన్‌కు ఇచ్చారు, నాలుగేళ్లకు అదీ నత్తనడకే అయింది. అప్పుడు, 2010లో, ఎఫ్‌బీఐ కాంట్రాక్టరు చేతిలోంచి పగ్గాలు లాక్కుని, మనుషుల్ని బాగా తగ్గించి, చిన్న చిన్న ముక్కలుగా కట్టుకుంటూ వచ్చింది. 2012లో అది పనిచేసే స్థితికి వచ్చింది. అజైల్ సభల్లో ఈ కథ తప్పకుండా చెబుతారు. కాంట్రాక్టరు నుంచి పగ్గాలు లాక్కున్న ముక్క దగ్గర మాత్రం గొంతు తగ్గిస్తారు, ఎందుకంటే ఆ సభకు డబ్బిచ్చేది చాలాసార్లు కాంట్రాక్టర్లే.

ఇక కొత్త మతం సంగతి. 2001 ఫిబ్రవరి 11 నుంచి 13 దాకా, యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండ విడిదిలో 17 మంది కూడారు. అందరూ మగవాళ్లే, అందరూ ప్రోగ్రామింగ్ ఎరిగినవాళ్లే. పుస్తకాల బరువు మోయలేక విసిగిపోయి ఒక ప్రకటన రాశారు: నాలుగు విలువలు, వాటికి తోడు 12 సూత్రాలు. అంతా కలిపి రెండు పేజీలకు మించదు. ఇప్పుడా రెండు పేజీలు వెతికి చూడండి. రోజూ నిలబడి జరిపే స్టాండప్ లేదు. స్ప్రింట్ లేదు. పని కొలిచే స్టోరీ పాయింటు లేదు, వాటిని కూడే వెలాసిటీ లేదు, పనులు నమోదు చేసే జిరాలో టికెట్టు అసలే లేదు. పనిమీద మనసున్న వాళ్లను కూర్చండి, వాళ్లకు కావల్సినవి ఇవ్వండి, నమ్మి వదిలేయండి అని ఉంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడాన్ని మించింది లేదని ఉంది. ఎన్నాళ్లయినా అలుపు లేకుండా సాగించగల వేగంతోనే పనిచేయాలని ఎనిమిదో సూత్రం. పని చివర్లో ఉన్నా సరే, క్లయింటు మనసు మార్చుకుంటే స్వాగతించాలని రెండో సూత్రం.

ఈ పన్నెండింటిలో మన మేనేజర్లకు కంఠతా వచ్చింది రెండోది. ఎనిమిదో దాన్ని చూసినవారు ఎవరైనా ఉంటే ఆచూకీ చెప్పగలరు.

ఎదురెదురుగా కూర్చోవడం ఎలా అమలవుతోందో రోజువారీ స్టాండప్ కాల్‌లో చూద్దాం. గచ్చిబౌలిలో రాత్రి తొమ్మిదిన్నర, డాలస్‌లో పగలు పదకొండు. ఇటు ఎనిమిది మంది, అటు ముగ్గురు, అందరి కెమెరాలూ ఆఫ్. నవంబరులో వాళ్లు గడియారం గంట వెనక్కి జరుపుకుంటే మనం గంట ఆలస్యంగా పడుకుంటాం, ఇదీ మన ఎనిమిదో సూత్రం. అవతలి ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్లే. ఒకాయన గుంటూరు, ఇంకొకాయన వరంగల్. అయినా పదకొండు మందీ ఇంగ్లీషులోనే అబద్ధాలాడుకుంటారు, మూడో ఆయన కోసం. ఆయన మ్యూట్‌లో ఉండి వేరే మీటింగు వింటుంటాడు.

"నిన్న పేమెంట్ స్క్రీన్ మీద పనిచేశాను. ఇవాళా దాని మీదే చేస్తాను. బ్లాకర్లేం లేవు."

బ్లాకర్లేం లేవని ఎందుకంటారంటే, ఉన్న బ్లాకరు ఆ కాల్‌లోనే ఉంటాడు కాబట్టి. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డేముంది అన్న మూడు ప్రశ్నలనూ వేదవాక్కుల్లా అడుగుతారు గానీ, అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌కు మూలగ్రంథమైన స్క్రమ్ గైడ్ 2020 ముద్రణలోంచి వాటిని తీసేశారు. ఆ గైడ్ మొత్తం 13 పేజీలు. పదిహేను నిమిషాల ఆ సమావేశం పని చేసేవాళ్లు తమలో తాము ప్లాను సరిచూసుకోవడానికని అందులోనే ఉంది, పైవాళ్లకు హాజరు చెప్పే ఊసే లేదు. 800 పేజీల పుస్తకాన్ని చదవలేదంటే ఒక అర్థముంది. పదమూడు పేజీలూ చదవకుండా దాని పేరుతో ఉద్యోగం చేయడం మాత్రం మన తరం సాధించిన ఘనత.

స్టోరీ పాయింట్ల దగ్గరికి వద్దాం, ఈ ఘట్టం నాకు ప్రత్యేకంగా ఇష్టం. పనికి గంటల్లో లెక్క చెప్పడం మూర్ఖత్వమని, పని 'పరిమాణం' మాత్రమే చెప్పాలని, దానికి 1, 2, 3, 5, 8, 13 అనే ఫిబొనాచీ అంకెలు వాడాలని పెద్దలు నిర్ణయించారు. ఈ వరస మన ఛందశ్శాస్త్రకారులకు ఫిబొనాచీ కన్నా ముందే తెలుసు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అనుకుంటే, ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని విధాల నింపవచ్చో లెక్కగట్టి విరహాంకుడు, హేమచంద్రుడు ఈ అంకెలే తేల్చారు. అయితే కావ్యం ఏ నెలాఖరుకు పూర్తవుతుందో చెప్పమని ఆ అంకెలను ఏ రాజూ అడగలేదు. మన మేనేజరు అడుగుతాడు. పాయింటంటే గంటలు కావని శిక్షణలో తల ఊపి వచ్చి, సీట్లో కూర్చోగానే ఎక్సెల్ తెరిచి 'ఒక పాయింటు = ఒక రోజు' అని రాసుకుంటాడు. పోయిన స్ప్రింట్‌లో 30 పాయింట్లు చేశారుగా, ఈసారి 36 చేయండి అంటాడు. దానికేం, చేస్తారు. నిన్న మూడైన పని ఇవాళ ఐదవుతుంది, బటన్ రంగు మార్చడం ఎనిమిదవుతుంది. గ్రాఫు పైకి పోతుంది, సాఫ్ట్‌వేర్ ఎక్కడిదక్కడే ఉంటుంది. స్నోబర్డ్‌లో సంతకం చేసిన 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్, ఈ పాయింట్లను కనిపెట్టింది బహుశా తానేనని, అదే నిజమైతే అందుకు విచారిస్తున్నానని తర్వాత రాసుకున్నాడు. ఆ విచారానికి ఎన్ని పాయింట్లో ఆయన చెప్పలేదు.

ఆ పదిహేడు మందిలోనే మరొకరు డేవ్ థామస్. 2014లో ఆయన అజైల్ చచ్చిపోయిందని ప్రకటించాడు. చచ్చిపోయిన దానికి సంతాప సభలు కాక సర్టిఫికెట్లే పెరిగాయి. రెండు రోజులు తరగతిలో కూర్చుని, ఒక పరీక్ష రాస్తే స్క్రమ్ మాస్టర్. రెండేళ్లకోసారి రుసుము కట్టి రెన్యువల్ చేయించుకోవాలి, లేకపోతే వచ్చిన విద్య పోతుంది. అమీర్‌పేట గోడల మీద జావా, ఒరాకిల్ పక్కనే ఈ కోర్సు కూడా వెలిసింది, 'కోడింగ్ అవసరం లేదు' అన్న ఊరింపుతో. కోడు రాసేవాళ్లు తిరుగుబాటు చేసి పుట్టించిన ఉద్యమం, కోడు రానివాళ్లకు ఉపాధి పథకంగా స్థిరపడింది. ఆ ఉపాధికీ భరోసా లేదు, పాపం. 2023 జనవరిలో క్యాపిటల్ వన్ బ్యాంకు తన అజైల్ విభాగంలోని 1,100కు పైగా ఉద్యోగాలను ఒక్కసారిగా ఎత్తేసింది. వాళ్లలో పని తెలిసినవాళ్లూ ఉండే ఉంటారు. ఊరేగింపులో పల్లకీ మోసినవాళ్లకే ముందుగా భుజాలు పోతాయి.

ఇంత జరిగినా అసలు వైభవం ఇంకా చెప్పలేదు. ఎనిమిది మంది జట్టు కోసం పుట్టిన పద్ధతిని ఎనిమిది వందల మందికి సాగదీయడానికి 2011లో సేఫ్ అని ఒక చట్రం బయటికొచ్చింది. దాని పటం గోడకు తగిలిస్తే మెట్రో రైలు మ్యాపు సిగ్గుపడుతుంది. అందులో రైళ్లు కూడా ఉన్నాయి, 'రిలీజ్ ట్రైన్' అని. మూడు నెలలకు కాస్త అటూ ఇటుగా ఒకసారి రెండు రోజుల ప్లానింగ్ యజ్ఞం. జట్లన్నీ ఒక హాల్లో చేరి, రాబోయే స్ప్రింట్లన్నిటికీ పని పంచుకుంటాయి. ఎవరి పని ఎవరి మీద ఆధారపడిందో బోర్డు మీద ఎర్ర దారాలు కట్టి చూపిస్తాయి. మూడు నెలల పని ముందే రాసి, దారాలతో బిగించి, దాన్ని అజైల్, అంటే చురుకుదనం, అనడానికి గుండె ధైర్యం కావాలి. చివర్లో విశ్వాస పరీక్ష ఉంటుంది. ఈ ప్లాను జరుగుతుందని నీకెంత నమ్మకమో చేతి వేళ్లతో చూపించాలి, ఒకటి నుంచి ఐదు దాకా. వైస్ ప్రెసిడెంటు ముందు వరసలో కూర్చుని ఉంటారు.

"ఏంటి బాబూ, రెండే చూపించావు?"

"అంటే సార్, పక్క టీమ్ వాళ్ల ఏపీఐ ఇంకా మొదలే కాలేదు..."

"దాన్ని రిస్కుల్లో రాశాం కదా. ఓనర్ కూడా ఉన్నాడు."

"ఓనర్ సెలవులో ఉన్నాడు సార్, పెళ్లి."

"అదీ రాశాం. ఇప్పుడు చెప్పు."

"...నాలుగు సార్."

హాలంతా చప్పట్లు. వాటర్‌ఫాల్ కాలంలో ఇదే అబద్ధాన్ని ప్రాజెక్టు మేనేజరు ఒక్కడే, ఏసీ గదిలో, గాంట్ చార్టు ముందు కూర్చుని చెప్పేవాడు. పాపం వస్తే ఆయనకే వచ్చేది. ఇప్పుడు ప్రతి ఒక్కడి చేతా చేయెత్తించి చెప్పిస్తున్నారు. గడువు దాటితే "మీరే కదా కమిట్ అయ్యారు" అనొచ్చు. స్క్రమ్ గైడ్ 2011లోనే స్ప్రింట్ పనిని 'కమిట్‌మెంట్' అనడం మాని 'అంచనా' అంటే చాలంది. ఆ సవరణ మన ఊరి దాకా ఇంకా రాలేదు, విమానం ఆలస్యమైనట్టుంది.

ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలని వాదించుకునేవాళ్లు కాంట్రాక్టు తీసి చూడరు. సేల్స్ ఆయన అమెరికాలో విందు చేసి, ధర, గడువు, ఫీచర్ల జాబితా మూడూ రాసిచ్చి సంతకం పెట్టి వస్తాడు. ఆ తర్వాత హైదరాబాద్‌లో టీమ్‌ను పిలిచి "ఇది అజైల్ ప్రాజెక్టు, మీరు స్వయంపాలిత బృందం" అని ప్రకటిస్తారు. శుభలేఖలు అచ్చువేసి ఊరంతా పంచాక అమ్మాయిని పిలిచి, "నీ ఇష్టమే తల్లీ, ఎవర్ని ప్రేమిస్తావో నిదానంగా ప్రేమించు, ముహూర్తం మాత్రం పదకొండో తారీఖు" అన్నట్టు. స్నోబర్డ్ పెద్దలు రాసిన దాంట్లో ఖరీదైన వస్తువు ఒక్కటే: పని చేసేవాడు "ఇది ఇప్పట్లో కాదు" అంటే ఆ మాట చెల్లడం. తక్కినవన్నీ చవక. నిలబడడానికి ఖర్చు లేదు, రంగు కాగితాలు కట్ట వంద రూపాయలు, కొత్త హోదాలకు ఇంక్రిమెంటు కూడా అక్కర్లేదు. చవకవన్నీ కొన్నాం. ఖరీదైంది అంగట్లోనే వదిలేసి, సంచీ నిండిందని ఇంటికొచ్చాం.

ఇది మన ఒక్కరి జాడ్యం కాదు. బ్రిటన్‌లో ఆరు రకాల భృతులను కలిపి ఒకటిగా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ పథకాన్ని అజైల్ పద్ధతిలో కడుతున్నామని అక్కడి సంక్షేమ శాఖ చాటుకుంది. పెద్ద కాంట్రాక్టర్లతో ఒప్పందాలూ, పైనుంచి కిందికి అనుమతుల వరసా పాతవే. 2013 సెప్టెంబరులో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది: అప్పటికే 3.4 కోట్ల పౌండ్ల సాఫ్ట్‌వేర్ పనికిరాదని రద్దు రాసుకున్నారు. 2017కు ముగియాల్సిన మార్పిడి ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగుతూనే పోయింది. అజైల్ విఫలమైందని ఒక పక్షం, అజైల్‌ను సరిగా చేయలేదని ఇంకో పక్షం వాదించుకున్నాయి. రెండో వాదనకు ఓటమి ఉండదు. వాన పడితే యాగఫలం, పడకపోతే మంత్రంలో స్వరం తప్పింది.

చిన్న ముక్కలుగా కట్టి, చూపించి, దిద్దుకోవడం మంచి పనే, అందులో ఎవరికీ సందేహం అక్కర్లేదు. అది 2001లో మంచుకొండ మీద వెలిసిందీ కాదు. 1960ల మొదట్లో నాసా మెర్క్యురీ ప్రాజెక్టులో ప్రోగ్రామర్లు సగం రోజుకో చుట్టు చొప్పున కట్టి, పరీక్షించి, ముందుకెళ్లారు. వాళ్లకు స్క్రమ్ మాస్టర్ లేడు. మనిషిని రాకెట్‌లో పంపాల్సి ఉంది కాబట్టి, "ఇంకా సిద్ధం కాలేదు" అన్న మాట వినక తప్పని పరిస్థితి మాత్రం ఉంది.

మనకూ వినే ఏర్పాటు ఉందండోయ్, లేదనకూడదు. రెండు వారాలకోసారి, శుక్రవారం సాయంత్రం, రెట్రో. మనసులో మాట నిర్భయంగా చెప్పే గంట. బోర్డు మీద మూడు గళ్లు: బాగా జరిగినవి, జరగనివి, మార్చుకోవాల్సినవి. మొదటి గడిలో 'టీమ్‌వర్క్' అని ఆరుగురు రాస్తారు. ఒక పిల్ల, ఈ మధ్యే చేరినట్టుంది, రెండో గడిలో "మేం 13 పాయింట్లన్న పని జిరాలో 5 ఎలా అయింది?" అని అతికిస్తుంది. కాసేపు ఎవరూ అన్‌మ్యూట్ కారు. స్క్రమ్ మాస్టర్ గొంతు సవరించుకుని, "వెరీ గుడ్ పాయింట్ అమ్మా, దీన్ని ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అంటాడు. తర్వాత బోర్డు మీద యాక్షన్ ఐటమ్ వెలుస్తుంది: 'కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి'. ఓనర్: టీమ్. గడువు: వచ్చే స్ప్రింట్. పాయింట్లు: సున్నా.